పెరట్లో గచ్చు చేయించాలంటే: డబ్బు లెక్క, రాయి ఎంపిక, పని వరుస

"పెరట్లో బండలు పరిపించాలనుకుంటున్నాం, అడుగుకి ఎంతవుతుందండీ?"

పండక్కి ఊరెళ్లినా, పెళ్లి పంక్తిలో కూర్చున్నా నన్ను ఎక్కువమంది అడిగే మాట ఇదే. అడిగేవాళ్ల చేతిలో అప్పటికే ఒక అంకె ఉంటుంది. రాళ్ల అడితిలో రాయి అడుగు నలభై అన్నారు, మేస్త్రీ కూలి ముప్పై అయిదు అన్నాడు, రెండూ కూడితే డెబ్భై అయిదు, నూట ఎనభై అడుగులకి పదమూడు వేల అయిదు వందలు. అంతేగా అంటారు. పని మొదలయ్యాక అది ముప్పై అయిదు, నలభై వేలకి చేరుతుంది. మధ్యలో డబ్బు చాలక మట్టిపనిలోనో, బండల కింద పోసే సిమెంటు కంకర పొర (బెడ్డు)లోనో కోత పెడతారు. మరుసటి వానాకాలానికి బండలు కుంగుతాయి.

రాయి పైకి కనిపించేది. ఖర్చులో ఎక్కువ భాగం, గచ్చు ఆయుష్షులో దాదాపు అంతా, రాయి కిందే ఉంటుంది. అందుకే ఈ లెక్కని కింది నుంచి పైకి వేద్దాం. ఉదాహరణకి 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, అంటే 180 చదరపు అడుగులు, 20 గజాలు తీసుకుంటున్నాను. మీ కొలత వేరైతే అదే దామాషాలో మార్చుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

కొలత టేపు, సుద్ద, నాలుగు మేకులు, నూలుతాడు, 30 అడుగుల సన్నటి పారదర్శక పైపు (నీటి మట్టం చూడటానికి), రసమట్టం, ఒక నిమ్మకాయ, రూపాయి బిళ్ల, చిన్న కర్రముక్క. గళ్ల నోటుబుక్కు ఒకటి తప్పనిసరి. దాని మొదటి పేజీలో ఈ పెరట్లో ఏం చేస్తారో రాయండి. అంట్లు తోముతారా, బట్టలు ఉతుకుతారా, వడియాలు, మిరపకాయలు ఎండబెడతారా, సాయంత్రం కుర్చీలేసుకుని కూర్చుంటారా, బండి పెడతారా? ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుల్లేకుండా తిరుగుతారా? రాయి ఎంపికలో సగం ఈ పేజీలోనే తేలిపోతుంది.

1. స్థలం గీసుకోండి, వదలాల్సినవి వదలండి

గళ్ల కాగితం మీద ఒక గడి ఒక అడుగు లెక్కన పెరడంతా గీయండి. బోరు, సంపు మూత, సెప్టిక్ ట్యాంకు మూత, డ్రైనేజీ చాంబర్లు, నల్లా పైపు వెళ్లే దారి, చెట్లు, తులసికోట అన్నీ అందులో రావాలి. మూతల మీద గచ్చు వేసేయకండి. ట్యాంకు శుభ్రం చేయించాల్సిన రోజున బండలు పగలగొట్టాల్సి వస్తుంది. మూత ఉన్నచోట చుట్టూ అంచు కట్టించి, మూత ఎత్తును గచ్చు మట్టానికి తెప్పించండి.

కొబ్బరి చెట్టుకి చుట్టూ మూడడుగులు, వేప, మామిడి లాంటివాటికి నాలుగడుగులైనా మట్టి వదలండి. వదలకపోతే చెట్టుకి నీళ్లు అందవు, వేళ్లు బండల్ని లేపుతాయి.

నేల మీద గీసేటప్పుడు మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో కంటితో చెప్పలేం. రెండు మూలల మధ్య ఐమూలగా కొలవండి. 12 × 15 గచ్చుకి రెండు ఐమూలలూ 19 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి. రెండూ సమానంగా లేకపోతే స్థలం వంకరగా గీశారన్నమాట. ఇది ఇప్పుడు సరిచేసుకోకపోతే చివరి వరుసలో ప్రతి బండనీ ముక్కలుగా కోయాల్సి వస్తుంది. ముక్కకి ముక్కకి కోత కూలి, వృథా.

2. వాలు ఎటో ముందే తేల్చండి

వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. ఆరడుగులకి ఒక అంగుళం చొప్పున తీసుకోండి. 12 అడుగుల వెడల్పులో ఇంటి వైపు కంటే చివరి అంచు రెండు అంగుళాలు పల్లంగా ఉండాలి. ఇంటి గోడకి ఆనుకున్న చోట కూడా గచ్చు పైమట్టం వంటింటి గడప కంటే కనీసం ఆరు అంగుళాలు కిందే ఉండాలి. గచ్చు అందంగా ఉండాలని దాన్ని గడప దాకా ఎత్తించుకున్న ఇళ్లలో గోడ అడుగున చెమ్మ ఎక్కుతుంది, సున్నం రాలుతుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో మొదటిసారి గచ్చు వేయించినప్పుడు పని జరిగిన రెండు రోజులూ నేను ఊళ్లో లేను. మేస్త్రీ నేల ఎలా ఉందో అలాగే దారం కట్టేశాడు. ఆ నేల వంటింటి వైపే కొద్దిగా పల్లం. చూడటానికి చదునుగానే కనిపించింది. శ్రావణంలో ఒక రాత్రి గట్టి వాన పడితే నీళ్లన్నీ గడప దగ్గరికి చేరాయి. గోనెసంచులు మడిచి అడ్డం పెట్టి, మగ్గులతో తోడి బకెట్లలో పోస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం. తరవాత ఇంటి వైపు మూడు వరుసల బండలు లేపించి, బెడ్డు చెక్కించి మళ్లీ వేయించాం. లేపిన బండల్లో సగానికి పైగా విరిగాయి. వాలు దారం కట్టే రోజు మీరు అక్కడ ఉండండి.

చూసే పద్ధతి ఇది. పారదర్శక పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక కొస ఇంటి గోడ దగ్గర, రెండో కొస చివరి మేకు దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టానికి గుర్తులు పెట్టి, చివరి గుర్తు నుంచి రెండు అంగుళాలు కిందికి దించి దారం కట్టించండి.

నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఈ 180 అడుగుల మీద ఒక అంగుళం వాన పడితే అది సుమారు 425 లీటర్లు. పక్కింటి గోడ మీదికి వదిలితే గొడవ. చివరి అంచున సన్నటి కాలువ తీయించి ఇంకుడు గుంతలోకి కలిపేయడం అన్నిటికంటే మంచిది. అంట్లు తోమిన సబ్బునీళ్లు, జిడ్డు మాత్రం ఇంకుడు గుంతలోకి పోనివ్వకండి. గుంత పూడుకుపోతుంది. దానికి వేరే పైపు పెట్టి డ్రైనేజీలో కలపండి.

3. నేల ఏ రకమో చూసుకోండి

ఎర్రనేల, గరుకునేల అయితే అదృష్టం. నల్లరేగడి అయితే ఖర్చు పెరుగుతుంది, దానికి సిద్ధపడాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. దానిమీద ఎంత ఖరీదైన రాయి పరిచినా ఏడాది తిరిగేసరికి అలలు తేలుతుంది. గుర్తుపట్టడం తేలిక. వేసవిలో నేల మీద వేలు దూరేంత నెర్రెలు పడుతుంటే అది రేగడే. అలాంటిచోట మామూలు లోతుకి మరో అడుగు వరకు అదనంగా తీయించి గ్రావెల్‌తో నింపించండి. తెలంగాణలో దీన్నే మొరం అంటారు.

మామూలు నేలలో లోతు లెక్క ఇలా వేసుకోండి: గ్రావెల్ 4 అంగుళాలు, సిమెంటు కంకర బెడ్డు 3, రాయి కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) ఒకటింబావు, రాయి ఒకటి. మొత్తం తొమ్మిదింబావు అంగుళాలు. గచ్చు పైమట్టం నుంచి ఇంత కిందికి తవ్వాలి. తవ్విన మట్టి ఒక ట్రాక్టరుకి పైనే వస్తుంది. దాన్ని చెట్ల పాదుల్లోకి ఎత్తించడమో బయటికి పంపడమో చేయాలి. కూలి మాట్లాడుకునేటప్పుడు ఎత్తిపోత కూడా కలిపి మాట్లాడండి. విడిగా అడిగితే ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

గ్రావెల్ రెండు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. నాలుగంగుళాలూ ఒకేసారి పోసి పైన రెండు దెబ్బలు వేస్తే లోపల గుల్లగానే ఉంటుంది. కొట్టాక మడమతో గట్టిగా తొక్కి చూడండి, గుంట పడకూడదు.

4. రాయి ఎంచుకోండి

అడితికి వెళ్లేముందు ఒక సంగతి. మన పెరళ్లలో ఎక్కువగా వాడేది నాపరాయి. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి వచ్చేదాన్ని తాండూరు రాయి అంటాం, కర్ణాటకలోని షాబాదు పేరుతో తెలంగాణలో షాబాదు బండలు అంటారు. నంద్యాల జిల్లా బేతంచెర్ల, కొలిమిగుండ్ల, పల్నాడులో మాచర్ల రాళ్లు కూడా ఈ జాతివే. ఇవన్నీ సున్నపురాళ్లు. పుల్లటిది ఏది పడినా వీటిని తింటుంది. మా అమ్మ నిమ్మకాయ ఊరగాయకి కాయలు కోసినచోట, రసం కారిన మేర తెల్లగా వెలిసిన మరక రెండేళ్లు దాటినా పోలేదు. చేత్తో తడిమితే ఆ చోటు గరుగ్గా తగులుతుంది. ఇక బాత్రూములు కడిగే యాసిడ్ పడితే చెప్పనక్కర్లేదు.

అయినా నా ఓటు నాపరాయికే. పొరలు పొరలుగా సహజంగా విడిపోయే రాయి కాబట్టి పాలిష్ చేయని రకంలో కాలికి పట్టు ఉంటుంది, ధర తక్కువ, పని తెలిసిన మేస్త్రీలు ప్రతి ఊళ్లో ఉన్నారు. పెరటికి పాలిష్ రాయి మాత్రం వద్దు. వాన నీళ్లు, సబ్బు నీళ్లు పడితే జారుతుంది.

మిగతావి:

కడప నల్లబండ గట్టిది, చూడముచ్చటగా ఉంటుంది. అరమరలకి, వంటగట్లకి బాగుంటుంది. ఎండ తగిలే పెరట్లో మే నెల మధ్యాహ్నం దానిమీద అడుగు పెట్టలేం. నీడ ఉన్నచోటే వాడండి.

గ్రానైట్‌ని పులుపు ఏమీ చేయదు, మరకలు తక్కువ. బయటికి వాడితే మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ రకమే తీసుకోండి. రాయి ఖరీదు, కోత కూలి రెండూ ఎక్కువ. అంట్లు తోమే చోట ఒక నాలుగడుగుల మేర గ్రానైట్ వేసి మిగతాదంతా నాపరాయి పరిపిస్తే డబ్బూ కలిసొస్తుంది, మరకల గొడవా ఉండదు.

పేవర్ బ్లాకులు బండి పెట్టేచోటికి మంచివి. మనుషులు తిరగడానికి, కారు, స్కూటర్‌లకి 60 మిల్లీమీటర్ల మందం చాలు, బరువు బండ్లు వస్తే 80 తీసుకోండి. వీటికింద సిమెంటు బెడ్డు అక్కర్లేదు. గట్టిగా దిమ్మిస కొట్టిన గ్రావెల్ మీద అంగుళం, అంగుళంన్నర ఇసుక పరిచి పేరుస్తారు. సందుల్లోంచి నీళ్లు కొంత నేలలోకి దిగుతాయి. పైపు పగిలితే నాలుగు బ్లాకులు లేపి మళ్లీ పెట్టేయొచ్చు. కానీ చుట్టూ గట్టి సిమెంటు అంచు లేకపోతే బ్లాకులు పక్కకి జరిగిపోతాయి. అంచు డబ్బు మిగుల్చుకుందామనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. సందుల్లో గడ్డి మొలుస్తుంది, పీకుతూ ఉండాలి.

ఉత్త సిమెంటు గచ్చు అన్నిటికంటే చవక. ఒకే పలకగా పోస్తే పగులుతుంది. ఆరడుగులకి మించని గడులుగా విడగొట్టి పోయించండి, పైన చీపురు గీతలు పెట్టించండి.

పార్కింగ్ టైల్స్ కింద ఎక్కడ గుల్ల ఉంటే అక్కడే పగులుతాయి. మేస్త్రీ చేయి మీద నమ్మకం ఉంటేనే వేయించండి.

ఏ రాయైనా కొనేముందు రెండు రకాల నమూనాలు రెండేసి ముక్కలు ఇంటికి తెచ్చుకుని ఈ పరీక్షలు చేయండి:

మధ్యాహ్నం రెండింటికి ఎండలో గంటసేపు ఉంచి చెప్పుల్లేకుండా నిలబడండి. సబ్బునీళ్లు పోసి కాలు జార్చి చూడండి. పెద్దవాళ్లుంటే వాళ్ల చేతే, మీరు పట్టుకుని, చేయించండి. మూలన నిమ్మరసం చుక్క వేయండి. బుడగలొస్తే అది సున్నపురాయి, ఆ సంగతి మనసులో పెట్టుకుని వాడుకోండి. అంచు మీద మేకుతో గీకి చూడండి. పొరలు పెచ్చులుగా లేస్తుంటే ఆ రాయి వదిలేయండి. వెనకవైపు చెంచాడు నీళ్లు పోయండి. చూస్తుండగానే పీల్చేసుకుని నల్లబడితే నూనె మరకలు కూడా అలాగే పీలుస్తుంది.

5. రాయి కొలతలో మోసపోకండి

"రెండు బై రెండు" అని చెప్పిన బండ మీద టేపు పెట్టండి. 22 అంగుళాలే ఉండొచ్చు. 22 × 22 బండ 3.36 చదరపు అడుగులే, నాలుగు చదరపు అడుగులు కాదు. మీరు 200 అడుగులకి డబ్బు కట్టి 50 బండలు తెచ్చుకుంటే నిజంగా వచ్చేది 168 అడుగులు. మేస్త్రీ "రాయి చాల్లేదు" అంటే అతన్ని అనుమానించే ముందు మీ బిల్లు చూసుకోండి. ధర అసలు కొలత మీద మాట్లాడి, బండల సంఖ్య బిల్లు మీద రాయించుకోండి.

కోతకి, విరుగుడుకి నూటికి పది అదనంగా కొనాలి. 180కి 198, అంటే 200 అడుగులు. అంతా ఒకే లోడు నుంచి తీసుకోండి. రెండు లోడ్ల రంగు కలవదు. అంగుళం మందం నాపరాయి అడుగు దాదాపు ఆరు కిలోలు, 200 అడుగులంటే 1,200 కిలోలు. చిన్న ట్రాలీ ఆటో ఒక్కసారికి మోయలేదు. రెండు ట్రిప్పుల బాడుగైనా లెక్కలో పెట్టండి, లేదా పెద్ద బండి మాట్లాడండి. బండలు నిలువుగా పేర్చి తెప్పించండి, పడుకోబెడితే కిందివి విరుగుతాయి.

6. సామాను లెక్క

బెడ్డు 1:4:8 పాళ్లలో (సిమెంటు 1, ఇసుక 4, 40 మిల్లీమీటర్ల కంకర 8), మూడంగుళాల మందం, 180 అడుగులకి: సిమెంటు నాలుగున్నర బస్తాలు, ఇసుక 21 ఘనపుటడుగులు, కంకర 43.

రాయి కింద మాలు 1:6, ఒకటింబావు అంగుళం మందం: సిమెంటు మూడు బస్తాలు, ఇసుక 21 ఘనపుటడుగులు.

బండ కింద పూసే సిమెంటు పాలకి, బండల మధ్య సందులు పూడ్చే పాయింటింగ్‌కి ఒక బస్తా, బస్తాన్నర.

వృథా కలిపితే సిమెంటు 10 బస్తాలు, ఇసుక 50 ఘనపుటడుగులు, కంకర 45. ఇసుక నది ఇసుకైనా రోబో ఇసుకైనా పరవాలేదు, క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో మిగిలే రాతి పొడి) మాత్రం మాలులో కలపనివ్వకండి. ఇసుక, కంకర దిగేముందు ట్రాక్టరు తొట్టి పొడవు, వెడల్పు, సామాను ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. "ఒక ట్రాక్టరు" అన్న మాటకి కొలత లేదు.

7. ఇప్పుడు డబ్బు లెక్క

ఈ రేట్లు లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి. మీ ఊళ్లో మూడు చోట్ల అడిగి మీ అంకెలు వేసుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది కాబట్టి అంతకు ముందు రాయించుకున్న అంచనా ఉంటే పక్కన పడేయండి.

మట్టి తీత, ఎత్తిపోత, నలుగురి కూలి: 3,200
గ్రావెల్ ఒక ట్రాక్టరు: 2,000
కంకర 45 ఘనపుటడుగులు, 40 చొప్పున: 1,800
ఇసుక 50 ఘనపుటడుగులు, 50 చొప్పున: 2,500
సిమెంటు 10 బస్తాలు, 350 చొప్పున: 3,500
నాపరాయి 200 అడుగులు, 40 చొప్పున: 8,000
బాడుగ, దింపుడు కూలి: 3,000
బెడ్డు, బండల పరుపు, పాయింటింగ్ కూలి: 8,500
అంచు, కాలువ, పైపు, ఇంకుడు గుంత: 4,000

మొత్తం 36,500. అనుకోని ఖర్చులకి చేతిలో ఉంచుకోవాల్సిన పదో వంతు 3,650. కలిపి 40,150.

అడుగుకి 223 రూపాయలు పడింది. అందులో రాయి వాటా నలభై నాలుగే, అయిదో వంతు. రాయి రెట్టింపు ధరది తీసుకున్నా మొత్తం మీద పెరిగేది ఎనిమిది వేల చిల్లరే. అదే బెడ్డు మానేస్తే మిగిలేది అయిదారు వేలు. దానివల్ల రెండేళ్లలో గచ్చంతా లేపి వేయాల్సి వస్తే రాయి, కూలి అన్నీ మళ్లీ పెట్టాలి.

డబ్బు తక్కువైతే ఏం తగ్గించాలి? విస్తీర్ణం తగ్గించండి. ఈ ఏడు తలుపు ముందు 10 × 10 చేయించి, మిగతాది వచ్చే ఏడు కలపండి. మొదటిసారే వాలు, కాలువ మొత్తం స్థలానికి సరిపోయేలా పెట్టుకుంటే రెండో విడత తేలిగ్గా కలుస్తుంది. బెడ్డు మందం, గ్రావెల్, అంచు, ఈ మూడింటి జోలికి పోకండి.

8. మేస్త్రీతో మాట

"అడుగుకి ఎంత?" అని అడిగితే ఒక అంకె చెప్తాడు. ఆ అంకెలో ఏమున్నాయో మీరు అడగాలి. "మేస్త్రీగారూ, బెడ్డు కూలి ఇందులోనే ఉందా? కోత మిషను ఎవరిది? పాయింటింగ్ మీరే చేస్తారా? సామాను పెరట్లోకి మోసేది ఎవరు? మిగిలిన రాళ్లముక్కలు ఎవరు ఎత్తిపోస్తారు?" ఇవి మొహమాటపడకుండా అడిగి, చెప్పినవి కాగితం మీద రాసి ఇద్దరూ ఒక్కో కాపీ ఉంచుకోండి. మంచి మేస్త్రీ దీనికి నొచ్చుకోడు.

డబ్బు నాలుగు విడతలుగా ఇవ్వండి: మొదలుపెట్టినప్పుడు కొంత, బెడ్డు అయ్యాక కొంత, బండలు పరిచాక కొంత, కింద చెప్పిన పరీక్షలు అయ్యాక మిగతాది. చివరి విడత ఆరో వంతైనా ఉండాలి.

ఎప్పుడు చేయించాలి అంటే కార్తీకం నుంచి మాఘం దాకా. ఎండాకాలం నీళ్లు కొట్టడం కష్టం, వానాకాలం తవ్విన గుంత నిండుతుంది.

9. బండల పరుపు

బెడ్డు పోశాక వారం రోజులు తడిపి ఉంచండి. గోనెసంచులు కప్పి వాటిని తడుపుతుంటే నీళ్లు తక్కువ పడతాయి. బెడ్డుకి కూడా అదే వాలు ఉండాలి. వాలు మాలులో సర్దుదాం అంటే ఒప్పుకోకండి. ఒకవైపు మాలు మూడంగుళాలు, మరోవైపు అరంగుళం అవుతుంది.

పరిచేముందు బండల్ని నీళ్లతో కడిగి తడిగా ఉంచాలి. పొడి బండ మాలులోని నీళ్లు లాగేస్తే పట్టు ఉండదు. మాలు బండ కింద అంతటా ఉండాలి. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి మీద బండ పడేసే అలవాటు కొందరిది. మధ్య గుల్ల మిగిలి, అక్కడ రోలో, నీళ్ల డ్రమ్మో పెట్టిన రోజు బండ చీలుతుంది. పక్కన నిలబడి ఒక బండని పరిచిన వెంటనే లేపమనండి. అడుగున మాలు అంతటా అంటుకుని వస్తే సరే, మధ్యలో పొడిగా ఉంటే పద్ధతి మార్పించండి.

బండకీ బండకీ మధ్య పావు అంగుళం సందు వదలాలి. ఎండకి రాయి వ్యాకోచిస్తుంది. ఆనించి పెడితే అంచులు పెచ్చులు లేస్తాయి. ఇంటి గోడకి తగిలేచోట కూడా అలాగే కొంచెం వదలండి. మర్నాడు 1:3 మాలుతో పాయింటింగ్ చేయించి, బండల మీద పడిన సిమెంటుని అప్పటికప్పుడు తడిగుడ్డతో తుడిపించండి. ఎండాక దాన్ని పోగొట్టడానికి యాసిడ్ పోస్తామంటారు. నాపరాయి మీద యాసిడ్ పోయనివ్వకండి. రాయి మెరుగు పోయి పొడిబారుతుంది.

రెండు రోజులు ఎవర్నీ తొక్కనివ్వద్దు. వారం పాటు తడపండి. బరువులు ఆ తరవాతే.

10. పరీక్షలు, చివరి విడత ఇచ్చేముందు

కర్రముక్కతో ప్రతి బండనీ అయిదు చోట్ల, మూలల్లోనూ మధ్యలోనూ తట్టండి. నిండుగా ఉన్నచోట గట్టిగా, ముక్తసరిగా పలుకుతుంది. గుల్ల ఉన్నచోట ఖాళీ కుండ మీద కొట్టినట్టు డబ్‌మంటుంది. అలా పలికినచోట సుద్దతో గుర్తు పెట్టండి. మూల ఒకటి కొంచెం గుల్లగా ఉంటే వదిలేయొచ్చు. మధ్యలో పలికితే లేపి మళ్లీ వేయించాలి.

ఇంటి గోడ దగ్గర నాలుగు బకెట్లు గుమ్మరించి పావుగంట ఆగండి. నీళ్లు నిలిచినచోట రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల మునిగిపోతే అక్కడ పల్లం ఉన్నట్టే. గరుకు రాయి మీద తడి మిగలడం తప్పు కాదు.

పక్కపక్క బండల అంచుల మీద అరికాలు మెల్లగా ఈడ్చి నడవండి. కాలికి తట్టుకునే అంచు ఉంటే చీకట్లో అమ్మమ్మ కాలు కూడా అక్కడే తట్టుకుంటుంది. దాన్ని అరగదీయించండి.

మొదటి నెలల్లో సందుల దగ్గర తెల్లటి పొడి తేలొచ్చు. సిమెంటులోని ఉప్పు పైకి రావడం వల్ల అలా అవుతుంది. పొడి చీపురుతో ఊడ్చి తరవాత మంచినీళ్లతో కడగండి. నాలుగైదు సార్లకి తగ్గిపోతుంది. ఏడాది దాటినా ఆగకుండా వస్తుంటే కింద నీళ్లు నిలుస్తున్నాయి, లేదా పైపు కారుతోంది. పైపు ముందు చూసుకోండి.

రోజూ కడగడానికి నీళ్లు, అప్పుడప్పుడు కొద్దిగా సబ్బుపొడి చాలు. నిమ్మ, చింతపండు, వెనిగర్ పడితే వెంటనే నీళ్లు పోయండి. రెండు మూడేళ్లకోసారి సందుల్లో ఊడిన పాయింటింగ్ సరిచేయించండి.

మిగిలిన బండల్లో ఏడెనిమిది మంచివి ఏరి, ప్రహరీ వారన నీడలో నిలువుగా ఆనించి దాచుకోండి. ఎప్పుడైనా ఒకటి విరిగితే అదే రంగు రాయి అడితిలో దొరకదు.